అమ్మ భుజం నొప్పికి ఫిజియోథెరపీ: అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

అమ్మకు కుడి భుజం పట్టేసింది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు డాక్టర్. షుగర్ ఉన్నవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుందట, అమ్మకూ షుగర్ ఉంది. చెయ్యెత్తి జడ వేసుకోలేకపోతోంది. రాత్రిళ్లయితే నరకమే, ఆ పక్కకు ఒత్తిగిలితే చాలు లేచి కూర్చుంటుంది.

ఫిజియోథెరపీలో అల్ట్రాసౌండ్ (స్కానింగ్ కాదు, ధ్వని తరంగాలతో చేసే చికిత్స), ఐఎఫ్‌టీ (నొప్పి తగ్గడానికి సన్నగా కరెంటు పెట్టడం) పెడుతున్నారు. ముందుకు వంగి చెయ్యి మెల్లగా ఊపడం, గోడ మీద వేళ్లు పైకి పాకించడం చేయిస్తున్నారు. వీటితో కాస్త వదులైంది. కానీ థెరపిస్ట్ గట్టిగా సాగదీసిన రోజు వచ్చే నొప్పి మర్నాటికీ తగ్గడం లేదు. ఇంత నొప్పి ఉన్న దశలో అంత బలవంతం అవసరమా? కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకున్నాక మీకు వ్యాయామాలు తేలికయ్యాయా? దానివల్ల షుగర్ పెరిగితే ఎలా చూసుకున్నారు? రాత్రిపూట చేతి కింద దిండు పెట్టుకుంటే నిద్ర పడుతుందా?