‘డిస్టర్బ్ అయ్యాను’ అనే చోట: కలకబారడం

మా చిక్కడపల్లిలో నెలకోసారి పదిమందిమి కూర్చుని ఒక కథ చదువుకుంటాం. ఈసారి అమెరికన్ రచయిత్రి షర్లీ జాక్సన్ కథ ‘ది లాటరీ’. ఊరంతా హుషారుగా చేరి చీటీలు తీస్తారు. చీటీ తగిలిన ఆవిడను అందరూ కలిసి రాళ్ళతో కొడతారు. చదవడం అయ్యాక కాసేపు ఎవరికీ నోరు పెగల్లేదు. తర్వాత ఒకరు ‘బాగా డిస్టర్బ్ అయ్యాను’ అన్నారు, ఇంకొకరు ‘ఒళ్ళు జలదరించింది’ అన్నారు. మా అత్తయ్య మాత్రం ‘మనసు కలకబారింది’ అంది.

అప్పట్నుంచీ ఆ మాటే తిరుగుతోంది నాలో. చన్నీళ్ళు మీద పడ్డా ఒళ్ళు జలదరిస్తుంది, క్షణంలో పోతుంది. కలక అలా పోదు. ఎండాకాలం ట్యాంకర్ వచ్చి సంపులో నీళ్ళు వదిలితే అడుగున పేరుకున్న మడ్డి అంతా పైకి లేస్తుంది చూడండి, అదీ కలకంటే. వచ్చిన నీళ్ళు శుభ్రమైనవే, మడ్డి మన సంపుది. 1948లో ‘న్యూయార్కర్’ పత్రికలో ఈ కథ వచ్చినప్పుడు జాక్సన్‌కు మూడు వందలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. తిట్టినవాళ్ళ సంగతి సరే, ఇలాంటి లాటరీ ఎక్కడ జరుగుతుంది, వెళ్ళి చూడొచ్చా అని అడిగినవాళ్ళున్నారు! కథ కంటే ఆ ప్రశ్నకే నాకు ఎక్కువ భయమేసింది.

‘కలచివేసింది’ కూడా ఈ కుటుంబంలోదే. కానీ పేపర్లలో ప్రతి ప్రమాద వార్తకీ వాడి దాన్ని అరగదీశాం. మీ ఇళ్ళలో దీనికి ఏమంటారు?

జవాబు: మా నాన్నమ్మది సిద్దిపేట వైపు. ‘మనసున పడ్తలేదు బిడ్డా’ అనేది. ఎవరిదైనా చావు కబురు విన్న రాత్రి, కంచం ముందు కూర్చుని.

జవాబు: కలకకు జోడీ ‘తేరు’ ఉంది కదండీ. కలకబారిన నీళ్ళు తేరుకుంటాయి, మనిషీ తేరుకుంటాడు. మా ఊళ్ళో చిల్లగింజ సాన మీద అరగదీసి బిందెలో కలిపేవాళ్ళు. తెల్లారేసరికి తేటనీళ్ళు.

జవాబు: ‘తేరు’ గుర్తు చేసినందుకు చాలా సంతోషం అండీ. ఇవన్నీ అత్తయ్యకు చదివి వినిపించాను. ‘కథలో ఆవిడ సొంత పిల్లాడి చేతికి కూడా గులకరాళ్ళు ఇచ్చారు కదా, అదొక్కటే ఇంకా తేరడం లేదురా’ అంది.