'కడారం కొండాన్': ఇక్కడ కొండ అంటే గుట్ట కాదండీ

నిన్న మన గుంపులో ఒకరు అడిగారు, తమిళనాడులో రాజేంద్ర చోళుడు కట్టించుకున్న రాజధాని గంగైకొండ చోళపురం చుట్టూ అంతా మైదానమే కదా, మరి పేరులో కొండ ఎక్కణ్ణుంచి వచ్చిందని. అది గుట్ట కాదు. మన 'కొను' ధాతువే, తమిళంలో 'కొండ' అవుతుంది, అంటే కొన్న, గైకొన్న. గంగను గైకొన్న చోళుడి పురం. అదే రాజేంద్ర చోళుడికి 'కడారం కొండాన్' అని ఇంకో బిరుదు, కడారం అంటే ఇప్పుడు మలేషియాలో ఉన్న కెడా. కొనడం అంటే మనకిప్పుడు డబ్బిచ్చి కొనడమే గుర్తొస్తుంది గానీ చేకొను, గైకొను లాంటి మాటల్లో పాత అర్థం చెక్కుచెదరలేదు.

దాని కిందే ఇంకొకరు, 1025లో రాజేంద్రుడు కడారం, శ్రీవిజయాల మీద చేసిన ఓడల దండయాత్ర తర్వాత చోళులు అక్కడే పాతుకుపోయి ఉంటే సుమత్రా, మలయా అంతా తమిళ సామ్రాజ్యం అయ్యేది కదా అని రాశారు. ఆ ఊహ నాకూ చాలా ఇష్టం. కానీ ఊహలోకి వెళ్ళేముందు రాజేంద్రుడి ప్రశస్తి, అంటే శాసనాల్లో ఆయన విజయాల్ని పొగిడే భాగం, ఏమంటుందో ఒక్కసారి చదవండి, మొదటి ముక్క ఇది:

అలై కడల్ నడువుళ్ పల కలం సెలుత్తి

అనువాదం అక్కర్లేకుండానే సగం అర్థమవుతోంది కదూ! అలల కడలి నడుమ పలు కలాలు నడిపి. కలము అంటే ఓడ అని మన నిఘంటువుల్లోనూ ఉంది, పెన్ను అనే అర్థం వచ్చి దాన్ని మరుగున పడేసింది. 'సెలుత్తి' కూడా దూరపు మాట కాదు, మన 'చెల్లు', 'చెల్లించు'కి చుట్టమే. తమిళంలో సెలుత్తు అంటే నడపడమూ అవుతుంది, పన్ను కట్టడమూ అవుతుంది.

ఆ తర్వాత కడారం రాజు సంగ్రామ విజయోత్తుంగ వర్మను పట్టుకోవడం, విద్యాధర తోరణం తీసుకోవడం, శ్రీవిజయం, పన్నై, ఇలంగాశోకం, తలైత్తక్కోలం, నక్కవారం (ఇప్పటి నికోబార్) ఇలా ఊళ్ళ పేర్లు వరసగా వచ్చి చివరికి 'కడారముమ్ మాప్పొరు తండాల్ కొండ' అని ముగుస్తుంది. తండు అంటే మన దండే. గొప్ప యుద్ధం చేసే దండుతో కొన్న అని. ఇన్ని పేర్లకూ కలిపి చివర ఉన్న క్రియ అదొక్కటే, కొండ. ఏలిన అని లేదు. తమిళంలో ఏలడానికి 'ఆళ్' అనే మాట ఉంది, కావాలంటే వాడేవాళ్ళే.

ఇది ఒక్క మాట పట్టుకుని సాగదీయడం కాదు. తర్వాత ఆయన కొడుకు వీరరాజేంద్రుడు కూడా కడారం గెలిచి, తన పాదాలకు మొక్కిన రాజుకే దాన్ని తిరిగి ఇచ్చేశానని శాసనంలో చెప్పుకున్నాడు. కొనడం, మళ్ళీ ఇచ్చేయడం. వాళ్ళకు కావలసింది అక్కడి పొలాల శిస్తు కాదు, చైనా దాకా సాగే ఓడల దారి అని నా అభిప్రాయం. 1088లో సుమత్రా పడమటి తీరాన బారుస్ దగ్గర తమిళంలో శాసనం వేయించింది కూడా రాజు కాదు, ఐన్నూట్రువర్ అనే వర్తక సంఘం.

ఇప్పుడు ఊహలోకి వద్దాం. 'కొండ' బదులు 'ఆండ' (ఏలిన) అని రాసుకునే రోజు వచ్చి, కడారంలో చోళ అధికారి కూర్చుని, అక్కడి భూములకు తమిళంలో దానపత్రాలు పుట్టి ఉంటే? అప్పుడు 1070లో ఆ చోళ సింహాసనం ఎవరికి వచ్చేదో తలచుకుంటేనే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. కులోత్తుంగుడికి. రాజమహేంద్రవరంలో నన్నయ చేత భారతం రాయించిన రాజరాజ నరేంద్రుడి కొడుకు, రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవి బిడ్డ. సముద్రం అవతల రాజ్యం నిజంగా నిలిచి ఉంటే తమిళంతో పాటు వేంగి తెలుగు కూడా ఆ ఓడలెక్కేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. కడారంలో పద్యం పుట్టేదేమో!

నిజ చరిత్రలో కులోత్తుంగుడు 1090లో కడారం రాజు కోరిక మీద నాగపట్నంలోని బౌద్ధ విహారానికి ఉన్న దానాల్ని స్థిరపరిచాడు. ఆయన బిరుదు కూడా 'కొండ' కాదు, 'సుంగం తవిర్త', అంటే సుంకం తీసేసినవాడు. తాతకు కొన్న పేరు, మనవడికి మాన్పిన పేరు. నాకైతే రెండోదే పెద్ద బిరుదు అనిపిస్తుంది, ఓడ నడిపేవాణ్ణి అడిగినా అదే అంటాడు.

రాజ్యం నిలవలేదు గానీ మాటలు నిలిచాయి. మలయ్‌లో ఓడ 'కపాల్', తమిళ కప్పల్ నుంచి. దుకాణం 'కెడాయ్', కడై నుంచి. సరుకు దాచే చోటు 'గుదాంగ్', మన గిడ్డంగి, తమిళ కిడంగు పక్కన పెట్టి చూడండి. ఆ గుదాంగే ఇంగ్లీషువాళ్ళ నోట గోడౌన్ అయి మళ్ళీ మన ఊళ్ళోకి వచ్చింది.

తీరంలో ఉండేవాళ్ళు ఒక్క సంగతి చెప్పండి. పడవ, నావ, తెప్ప నేను విన్నాను. 'కలం' అని ఓడకు అనడం మీ ఇంట్లో పెద్దవాళ్ళ నోట, సామెతలో గానీ పాటలో గానీ, ఎవరైనా విన్నారా? ఏ ఊళ్ళో విన్నారో కూడా రాయండి.