పాత పడవకి స్పిన్నేకర్ తాళ్లు: ఏవి వెయ్యాలి?

విశాఖలో 26 అడుగుల పాత సెయిల్‌బోట్. స్పిన్నేకర్‌ని (ముందువైపు గాలికి ఉబ్బే పెద్ద తెరచాప) పైకి లాగే తాడు, అంటే హాలియార్డ్, ఇనుప తీగది; పోగులు లేచి చేతికి గుచ్చుకుంటున్నాయి. ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరికే నైలాన్ తాడు పనికొస్తుందా?

జవాబు 1: నైలాన్ వద్దండీ, సాగుతుంది. అది లంగరుకి మంచిది. హాలియార్డ్‌కి 8 మి.మీ. తాడు, లోపల డైనీమా (చాలా తక్కువ సాగే బలమైన పోగు), పైన పాలిస్టర్ తొడుగు ఉన్నది తీసుకోండి. షీట్లకి (తెరచాప కింది మూలల్ని లాగి పట్టే తాళ్లు) మామూలు పాలిస్టర్ చాలు. ఒక్కోటి పడవ పొడవుకి రెట్టింపు, అంటే 16 మీటర్లు.

జవాబు 2: ముందు మాస్టు (తెరచాప స్తంభం) మీది గిలక చూడండి. తీగ కోసం చేసినదైతే గాడి సన్నగా ఉంటుంది. తాడు అందులో ఇరుక్కుని తొడుగు చిరుగుతుంది. అంచుని వేలితో తడమండి, గరుగ్గా ఉంటే మార్చాల్సిందే.

జవాబు 3: క్లచ్ (తాడు జారకుండా బిగించి పట్టేది) 8-10 మి.మీ. సైజుదైతే 6 మి.మీ. తాడు వెయ్యకండి, జారిపోతుంది. పాత తీగ లాగేముందు చివర సన్నదారం కట్టండి, దాంతోనే కొత్త తాడు పైకి లాగొచ్చు, లేకపోతే మాస్టెక్కాలి!

అడిగినవారు: గాడి సన్నదే. ముందు గిలక మారుస్తాను.