లోడు ట్రైలర్‌కి రైల్వే గేటు దాటడానికి 6 సెకన్లు సరిపోతాయా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. చెన్నైలో మణలి దగ్గర ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పనిచేస్తున్నాను. మా బండ్లు ఎణ్ణూరు, మీంజూరు వైపు కంటైనర్లు తోలుతుంటాయి. కొత్త డ్రైవర్లలో నెల్లూరు, సూళ్లూరుపేట కుర్రాళ్లు ఎక్కువ. వాళ్ల కోసం తెలుగులో ఒక షీటు రాస్తున్నాను. రైల్వే గేటు దాటడానికి ఎంత టైము పడుతుందో అందులో వేయాలి. 40 అడుగుల కంటైనర్ ఎక్కించిన ట్రైలర్ పొడవు, క్యాబిన్‌తో కలిపి 16 మీటర్లు. పట్టాల మధ్య వెడల్పు 1.676 మీటర్లు. రెండూ కలిపి, గంటకు 10 కిలోమీటర్ల స్పీడుతో భాగిస్తే 6 సెకన్ల పైచిలుకు వచ్చింది. ఇది కరెక్టేనా?

జవాబు: బండి పొడవు కలిపారు, అది మంచి పని. చాలామంది పట్టాల వెడల్పు ఒక్కటే చూస్తారు. కానీ 6 సెకన్లు మాత్రం వేయకండి, అందులో మూడు సంగతులు తప్పిపోయాయి.

మొదటిది దూరం. బండి పట్టాల అంచున ఆగదు కదా, ఒక 5 మీటర్లు ఇవతల ఆగిందనుకుందాం. మీరు వేసింది ఒక్క లైను కొలత. రెండు లైన్లుంటే వాటి నడిమధ్యల దూరం కొత్త లైన్లలో 5.3 మీటర్లు. అంటే మొదటి పట్టా నుంచి చివరి పట్టాకు సుమారు 7 మీటర్లు. రైలు పెట్టె 3.25 మీటర్ల వెడల్పు వరకు ఉంటుంది, పట్టా దాటి బయటికి 80 సెంటీమీటర్లు వస్తుంది. కాబట్టి ట్రైలర్ తోక చివరి పట్టా నుంచి కనీసం 2 మీటర్లు అవతలికి పోవాలి. 5, 7, 2, 16 కలిపితే 30 మీటర్లు.

రెండోది, ఆగిన బండి ఒక్కసారిగా 10 కిలోమీటర్ల స్పీడు అందుకోదు. లోడుతో ఉన్న ట్రైలర్ సెకనుకు సెకనుకు 0.3 మీటర్ల చొప్పున స్పీడు పెంచుకుంటుందనుకుందాం. పుస్తకంలో సూత్రం ప్రకారం 30 మీటర్లకు రెట్టింపు, అంటే 60ని 0.3తో భాగిస్తే 200, దాని వర్గమూలం సుమారు 14 సెకన్లు.

మూడోది అసలు చిక్కు. ఆ 14 సెకన్ల లెక్కలో బండి చివరికి గంటకు 15 కిలోమీటర్లు అందుకోవాలి. ఫస్ట్ గేరులో, ఎగుడుదిగుడు గేటు మీద, నిండు లోడుతో అంత రాదు. 8 కిలోమీటర్ల దగ్గర ఆపేసి లెక్కేయండి, అంటే సెకనుకు 2.2 మీటర్లు. ఆ స్పీడుకు చేరడానికి 7 సెకన్లు, అందులో 8 మీటర్లు కదులుతుంది. మిగతా 22 మీటర్లకు 10 సెకన్లు. చూసి, క్లచ్ వదిలి కదలడానికి 2 సెకన్లు. మొత్తం దాదాపు 20 సెకన్లు.

గంటకు 130 కిలోమీటర్ల స్పీడులో వచ్చే రైలు ఆ 20 సెకన్లలో 720 మీటర్లు వస్తుంది. మన చెన్నై–గూడూరు లైనులో ఆ స్పీడుకు అనుమతి ఉంది. షీటులో ఈ ముక్క పెద్ద అక్షరాల్లో వేయండి.

ప్రశ్న: చాలా థాంక్స్ అండి. మధ్యలో సెకండ్ గేరు వేసుకుంటే తగ్గదా? మా డ్రైవర్లు అదే అడుగుతారు.

జవాబు: పట్టాల మీద గేరు మార్చనివ్వకండి. లోడు బండి గేరు పడక ఆగిపోయేది అక్కడే. అమెరికాలో కమర్షియల్ లైసెన్సు మాన్యువల్లో కూడా ఈ మాటే ఉంది. మామూలు ట్రాక్టర్–ట్రైలర్‌కి ఒక లైను దాటడానికి కనీసం 14 సెకన్లు, రెండు లైన్లకు 15 కన్నా ఎక్కువ పడుతుందని అందులో రాశారు. మన రోడ్లకు నేనైతే 20 అనే చెబుతాను.

ఇంకొకరు: గేటు తీసి ఉంటే ఈ లెక్కలన్నీ ఎందుకన్నా? గేటు వేసి లాక్ చేస్తే తప్ప రైలుకు సిగ్నల్ పడదు కదా.

జవాబు: ఇంటర్‌లాకింగ్ ఉన్న గేటుకు, అంటే సిగ్నల్‌తో ముడిపెట్టిన గేటుకు, మీరన్నది నిజమే తమ్ముడూ. అక్కడ టెన్షన్ వేరే. గేటు తీయగానే అటూ ఇటూ ఆటోలు, బైకులు దూరిపోతాయి, ముందు బండి ఆగుతుంది, మన ట్రైలర్ తోక పట్టాల మీదే ఉండిపోతుంది. అందుకే అవతల 18 మీటర్ల ఖాళీ కనబడితేనే కదలాలి. వెనకాల హారన్లు కొట్టేవాళ్లు కొట్టుకోనీ. బండి ఆగిపోతే మొదట గేట్‌మ్యాన్‌కి చెప్పాలి, స్టేషన్‌తో మాట్లాడే ఫోను ఆయన దగ్గరే ఉంటుంది.

బ్రాడ్‌గేజ్ లైన్లలో కాపలా లేని గేట్లను 2019 జనవరికల్లా తీసేశారు. అయినా ఎక్కడైనా కాపలా లేని గేటు తగిలితే మోటారు వాహనాల చట్టం, 1988లోని 131వ సెక్షన్ గుర్తుంచుకోండి. బండి ఆపాలి, క్లీనర్ దిగి నడిచి వెళ్లి, రైలు రావడం లేదని చూసి బండిని దాటించాలి. క్లీనర్ లేకపోతే డ్రైవరే దిగి చూడాలి. ఈ 20 సెకన్ల లెక్క నిజంగా పనికొచ్చేది అక్కడే.

ప్రశ్న: మా దారిలో ఒక గేటు రోడ్డుకు అడ్డంగా కాకుండా ఏటవాలుగా ఉంది. దానికేమైనా కలపాలా?

జవాబు: కలపాలి. 45 డిగ్రీల వాలు ఉంటే 7 మీటర్లు కాస్తా 10 అవుతాయి, అవతల వదిలే ఖాళీ కూడా కొంచెం పెరుగుతుంది. ఇంకో 2 సెకన్లు వేసుకోండి. 12 మీటర్ల లారీకైతే మొత్తంలో 2 సెకన్లు తగ్గించవచ్చు. షీటులో బండి పొడవుకొక వరుస, ఒక లైనుకు, రెండు లైన్లకు వేర్వేరు గడులు పెట్టండి. డ్రైవర్లకు సూత్రాలు అక్కర్లేదు.