ఉదయగిరి మండపం వీడియో: త్రిమితీయ నమూనాలో స్తంభాలు కలిసిపోతున్నాయి

పెన్నాతీరం:
ఉదయగిరిలో శిథిలమైన రంగనాయకస్వామి ఆలయ మండపాన్ని ఫోనుతో నాలుగు నిమిషాలు వీడియో తీసి, అందులోని 7,200 ఫ్రేములనూ విడదీసి, ఫోటోల నుంచి త్రిమితీయ నమూనా కట్టే కోల్‌మ్యాప్ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చాను. రాత్రంతా నడిచాక వచ్చిన నమూనాలో ఎదురెదురు స్తంభాల వరుసలు రెండూ ఒకటిగా కలిసిపోయాయి. నేను మధ్యలో నిలబడి చుట్టూ తిరుగుతూ తీసిన భాగం అసలే రాలేదు. స్తంభాల కొలతలు తీసుకోవాలన్నది నా ఉద్దేశం. కెమెరా మార్చక తప్పదా?

కొలబద్ద:
కెమెరాను నిందించే పని లేదండీ. బస్సు కిటికీలోంచి చూస్తే దగ్గరి తాటిచెట్లు వేగంగా వెనక్కి పోతాయి, దూరపు కొండ దాదాపు కదలదు. సాఫ్ట్‌వేర్ లోతును లెక్కకట్టేది ఆ తేడా నుంచే కాబట్టి, ఉన్నచోటనే నిలబడి ఫోను తిప్పితే దానికి ఏమీ దొరకదు. పక్కకు నడుస్తూ తీయండి.

అసలు చిక్కు స్తంభాలది. ఒకే పోలికతో చెక్కినవి కావడంతో, ఒక వరుసలోని బిందువులను ఎదుటి వరుసవిగా సాఫ్ట్‌వేర్ పొరబడింది. సెకనుకు రెండు ఫ్రేముల చొప్పున తీసుకుంటే 480 అవుతాయి, అవి చాలు. ప్రతి ఫ్రేమునూ అన్నిటితో పోల్చనివ్వకుండా, పక్కపక్క ఫ్రేములనే పోల్చే సీక్వెన్షియల్ పద్ధతి ఎంచుకోండి. స్తంభాల మొదళ్లలో వేర్వేరు రంగుల తువ్వాళ్లు ఉంచితే ఇంకా మేలు. సుద్దతో మాత్రం గీతలు గీయకండి.

కందుకూరు పాఠకుడు:
పై సలహాకు రెండు మాటలు చేరుస్తాను. వీడియో ఒక్కటే ఉంటే ఆకారం వస్తుంది గానీ అసలు పరిమాణం తెలియదు, కనుక పొడవు తెలిసిన కర్ర ఒకటి దృశ్యంలో పడేలా ఉంచి, నమూనాను దాని ప్రకారం సరిచేయాలి. ఫోనులో చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ప్రతి ఫ్రేమును కొంత కత్తిరించి వంచుతుంది. దాన్ని ఆపి, ఎక్స్‌పోజరును, ఫోకసును లాక్ చేయండి. దృశ్యాన్ని లక్షల చుక్కలతో చూపే, 2023లో వచ్చిన గాసియన్ స్ప్లాటింగ్ పద్ధతి చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది కానీ, దాని మబ్బుల్లాంటి చుక్కలకు గట్టి ఉపరితలం ఉండదు. మీ పనికి మెష్, అంటే చిన్న చిన్న త్రిభుజాలతో అల్లిన ఉపరితలం, కావాలి.

పెన్నాతీరం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పాత వీడియో నుంచే 480 ఫ్రేములు తీసి సీక్వెన్షియల్‌గా నడిపితే రెండు వరుసలూ విడిపోయాయి. తిరుగుతూ తీసిన భాగం మాత్రం ఇప్పటికీ ఖాళీయే. స్టెబిలైజేషన్ ఆన్‌లోనే ఉండిపోయిందని ఇప్పుడు చూసుకున్నాను. నీడలు పదునుగా లేని వేళ చూసుకుని, మీటరు కర్రతో, తువ్వాళ్లతో మళ్లీ వెళతాను.