బుడమేరు పక్క ఇళ్లు: ఖాళీ చేయించాలా, వద్దా?

గుంటూరు సివిల్:
విజయవాడని ముంచిన 2024 సెప్టెంబర్ వరద మళ్లీ రాకూడదంటే బుడమేరు వాగు దారి బుడమేరుకి వదలాల్సిందే. మైలవరం వైపు కొండల నీళ్లు కొల్లేరు చేరాలి, ఆ దారిలోనే సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట లేచాయి. వెలగలేరు రెగ్యులేటర్ (నీటిని మళ్లించే గేట్లు) దగ్గర డైవర్షన్ కాలవలోకి తిప్పి కృష్ణలో కలుపుతున్నాం కదా అంటారు, కానీ కృష్ణే నిండుగా పారుతుంటే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. అలాంటప్పుడు కాలవ వెనక్కి తన్నుతుంది, కట్టలు తెగుతాయి. ఆక్రమణలు తీసేసి వాళ్లకి వేరే చోట ఫ్లాట్లు ఇవ్వాలి. ఇంకో దారి లేదు.

పాయకాపురం అమ్మాయి:
ఆక్రమణ అని ఒక్క మాటతో తేల్చేశారు అన్నా. వాంబే కాలనీ ఎవరు కట్టారు? వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన పేరే దానిది, ప్రభుత్వమే కట్టి పేదల్ని అక్కడ పెట్టింది. అదీ మునిగింది. మా ఇంట్లో నీళ్లు దిగాక చూస్తే ఫ్రిజ్ వెల్లకిలా పడి వంటగది గుమ్మానికి అడ్డంగా ఉంది, బీరువా కింది అరలో ఇంటి కాగితాలు, అమ్మ పట్టుచీరలు కలిసి బురద ముద్దయ్యాయి. కింది అంతస్తు ఇళ్లకి ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు మంచాలు, స్టవ్, మోటారు కొనేసరికి అయిపోయాయి. అయినా ఇక్కడే ఉన్నాం, ఎందుకంటే నాన్న ఆటో ఇక్కడే తిరుగుతుంది, అమ్మ దగ్గర జాకెట్లు కుట్టించుకునేది ఈ నాలుగు వీధుల వాళ్లే. కృష్ణలంక వాళ్లూ నది ఒడ్డునే ఉన్నారు, వాళ్లకి గోడ కట్టారు. మాకు మాత్రం ఖాళీ చేయడమా?

కృష్ణలంక:
రిటైనింగ్ వాల్ లేకపోతే మేం మిగిలేవాళ్లం కాదమ్మా, నిజమే. కానీ బుడమేరుకి రెండు వైపులా గోడ కడితే మీ వీధుల్లో కురిసిన వాన ఎటు పోతుంది? పంపులతో తోడాలి, వరదలో ముందు పోయేది కరెంటే.

తాడేపల్లి:
ఖాళీ చేయించాలా వద్దా అన్న దగ్గరే ఆగిపోతున్నాం. ఎంత దూరం పంపుతారు, గీత ఎవరు గీస్తారు అన్నది అసలు గొడవ. జకార్తాలో 2015లో చిలివుంగ్ నది ఒడ్డున కంపుంగ్ పులో అనే బస్తీలో ఇళ్లు కూల్చి జనాన్ని అద్దె ఫ్లాట్లలోకి పంపారు. 2020 జనవరి 1న ఆ బస్తీ మళ్లీ మునిగింది, అంటే పేదల ఇళ్లు తీసినంత మాత్రాన వరద ఆగిపోలేదు. బ్యాంకాక్‌లో ఇంకోలా చేశారు. 2011 వరద తర్వాత లాట్ ఫ్రావ్ కాలవ అంచున ఉన్నవాళ్లు సహకార సంఘాలుగా ఏర్పడి, 2003 నుంచి నడుస్తున్న బాన్ మంకాంగ్ అనే పేదల ఇళ్ల పథకం కింద అప్పు, సాయం తీసుకుని, కాలవకి జాగా వదిలి అదే చోట కొంచెం వెనక్కి జరిగి కట్టుకున్నారు. పని పోలేదు, పిల్లల బడి మారలేదు.

ఇంకో సంగతి. అమరావతికి ప్రపంచ బ్యాంకు 2024 డిసెంబర్‌లో 80 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. ఆ బ్యాంకు నిబంధనల్లో పట్టా లేకుండా ఉంటున్నవాళ్లని కదిలించినా పునరావాస సాయం ఇవ్వాలని ఉంది. కృష్ణకి ఇవతల ఆ పద్ధతి, అవతల సింగ్‌నగర్‌లో పొక్లెయిన్ వస్తే ఇంకో పద్ధతా? ఇది నాకు అస్సలు మింగుడు పడదు.

గుంటూరు సివిల్:
బ్యాంకాక్ కాలవ చదును నేల మీద నెమ్మదిగా పారేది. బుడమేరు కొండవాగు, రాత్రికి రాత్రే మీద పడుతుంది, నాలుగు గజాలు వెనక్కి జరిగితే సరిపోదు. పల్లపు వీధులు కొన్ని పూర్తిగా వదలాల్సిందే. కాకపోతే దగ్గర్లోనే మెరక చూసి, ఇళ్లు కట్టి తాళాలు చేతికిచ్చాకే పాతవి ముట్టుకోవాలి, అంతవరకు మీతో ఒప్పుకుంటా.

పాయకాపురం అమ్మాయి:
అయితే ఏ వీధులో ముందు చెప్పమనండి. సర్వే మ్యాపు వార్డు సచివాలయం గోడకి అంటించాలి, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఇంటింటికీ మేం రాసిస్తాం. బుడమేరు దారిలో పెద్ద పెద్ద కట్టడాలేమైనా ఉంటే అవీ అదే మ్యాపులో కనపడాలి. అవి వదిలేసి మా రేకుల ఇళ్లకే మార్కింగ్ పెడితే మేం కదలం.