బోరు నీళ్ల ఇంట్లో నల్లాలు, పప్పు, జుట్టు: మీరేం చేస్తున్నారు?

కొత్త_అద్దె
అందరికీ నమస్తే. మలక్‌పేట నుంచి నిజాంపేట్‌లో అపార్ట్‌మెంట్‌కి మారాం. ఇల్లు బాగుంది, గాలీ వెలుతురూ బాగున్నాయి, నీళ్లే పగబట్టాయి. స్టీలు గ్లాసులు తోమి బోర్లిస్తే ఆరాక తెల్ల మచ్చలు. నల్లాల మూతి చుట్టూ సున్నం గట్టిపడి ఉంది. కందిపప్పు ఎన్ని విజిల్స్ వేయించినా పలుకుగానే దిగుతోంది. తలస్నానం చేశాక జుట్టు ముట్టుకుంటే కొబ్బరి పీచు పట్టుకున్నట్టుంది. వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కో చిట్కా చెబుతున్నారు. ఇవే నీళ్లతో రోజూ కాపురం చేసేవాళ్లు ఏం చేస్తున్నారో చెబితే మేలు.

ఇరానీచాయ్
టీ మీద తెట్టు కట్టడం ఇంకా చూడలేదా? కాస్త చల్లారనివ్వండి, కనిపిస్తుంది.

కూకట్‌పల్లి_అత్తమ్మ
ముందు పప్పు సంగతి చూడండి, రోజూ తినేది అదే కదా. పప్పు మటుకు తాగే నీళ్లతోనే ఉడికించండి. కడగడం బోరు నీళ్లతో కడుక్కోవచ్చు, నానబెట్టడం, ఉడికించడం మాత్రం మంచినీళ్లతోనే. చింతపండు, టమాటా, మామిడికాయ ఏదైనా పప్పు మెత్తబడ్డాకే వేయాలి. పులుపు ముందే పడితే మంచినీళ్లలో కూడా ఉడకదు. ఇంకోటి, కిరాణా కొట్లో ఏడాదిగా మగ్గిన పప్పయితే నీళ్లను తిట్టి లాభం లేదు. కొట్టు మార్చి అరకిలో తెచ్చి చూడండి.

పప్పుచారు
చిటికెడు వంట సోడా వేస్తే ఒక్క విజిల్‌కి మెత్తగా అయిపోతుంది. ఇంత చర్చ ఎందుకు?

ల్యాబ్_కోటు
అవుతుంది, కాదనను. పప్పు గింజ గోడల్లో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. నీళ్లలోని కాల్షియం దాన్ని పట్టుకుని బిగించేస్తుంది, అందుకే ఇలాంటి బోరు నీళ్లలో పప్పు ఉడకదు. సోడా ఆ బిగువును వదులు చేస్తుంది. కానీ పప్పులో ఉండే బి1 విటమిన్ సోడా వేసి వేడి చేస్తే పాడవుతుంది, రుచి కూడా సబ్బు వాసన వైపు పోతుంది. ఎప్పుడో ఒకసారి అయితే సరే, రోజూ వద్దు. అత్తమ్మ గారు చెప్పినట్టు నీళ్లు మార్చడమే సరైన మందు.

అన్నం పసుపు ఛాయగా వస్తోందా? అదీ ఈ నీళ్ల పనే. క్షార గుణం ఉన్న నీళ్లలో బియ్యం పసుపు తిరుగుతుంది. ఎసట్లో నాలుగు చుక్కలు నిమ్మరసం వేస్తే తెల్లగా వస్తుంది.

కొత్త_అద్దె
వస్తోంది! బియ్యం మార్చాలేమో అనుకుంటున్నాం. మరి నల్లాలకు? వెనిగర్, వంట సోడా కలిపి పోస్తే బుసబుసా పొంగి సున్నం పోతుందని ఒక వీడియోలో చూపించారు.

ల్యాబ్_కోటు
ఆ పొంగు చూడ్డానికే. వెనిగర్ ఆమ్లం, సోడా క్షారం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది కాస్త ఉప్పు లాంటి పదార్థం కలిసిన నీళ్లు. పొంగేది కార్బన్ డయాక్సైడ్. సున్నాన్ని కరిగించాల్సిన ఆమ్లం సోడా మీదే ఖర్చయిపోయింది, ఇక నల్లాకి ఏం మిగిలింది? వెనిగర్ ఒక్కటే వాడండి. జిడ్డు మరకలకు సోడా ఒక్కటే వాడండి. ఈ రెండింటి పెళ్లి చేయకండి.

పప్పుచారు
మా ఇంట్లో సింక్ పైపు దానితోనే క్లీన్ చేస్తాం, బాగానే పోతుంది.

ల్యాబ్_కోటు
పొంగినప్పుడు వదులుగా ఉన్న చెత్త కదులుతుంది, తర్వాత మీరు పోసే వేడినీళ్లకు జిడ్డు పోతుంది. సున్నం మాత్రం అలాగే ఉంటుంది.

బేగంబజార్_బిడ్డ
వెనిగర్ సీసాలకు పైసలు ఎందుకు పెడతరు? నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్, తెచ్చుకోండ్రి. బేగంబజార్ల కిలో లెక్కన దొరుకుతది, కిరాణంల చిన్న పాకెట్ల గూడ ఉంటది. లీటరు గోరువెచ్చని నీళ్లల్ల రెండు చెంచాలు కలపాలె. పాత బట్ట అండ్ల ముంచి నల్లా మూతికి చుట్టి రబ్బర్ బ్యాండ్ ఎయ్యాలె. అర్ధగంట ఆగి పాత పండ్ల బ్రష్‌తోని రుద్దితే పొరలు పొరలు ఊడొస్తది. షవర్ అయితే ప్లాస్టిక్ కవర్ల అదే నీళ్లు పోసి షవర్ మునిగేటట్టు కట్టాలె. రాత్రంత ఉంచకుండ్రి, నల్లా మీద మెరుపు పూత పోతది. పాతకాలం గట్టి సున్నం అయితే ఒక్కనాడు పోదు, రెండు మూడు సార్లు చెయ్యాలె. ఆగం గాకుండ్రి.

కార్యదర్శి_ఏ_బ్లాక్
దీనికో హెచ్చరిక జోడిస్తాను, మా బ్లాక్‌లో ఈ గొడవ జరిగింది కాబట్టి. నేల మీద ఏ బండ ఉందో చూసుకోకుండా నిమ్మ ఉప్పు, వెనిగర్, యాసిడ్ ఏదీ పోయకండి. తాండూరు బండ, షాబాద్ బండ, కడప బండ అన్నీ సున్నపురాయి జాతే. పాలరాయి కూడా అంతే. నల్లా మీద సున్నాన్ని కరిగించే పులుపు ఆ బండను కూడా కరిగిస్తుంది. నునుపు పోయి గరుకు మచ్చ పడుతుంది, తర్వాత పాలిష్ మిషన్ వాడిని పిలవాల్సిందే. గ్రానైట్, సిరామిక్ టైల్స్ అయితే పర్వాలేదు, కానీ టైల్స్ మధ్య సిమెంట్ గీతల మీద ఎక్కువసేపు నిలవనివ్వకండి.

ఇంకొకటి అసలు చేయకూడనిది. సంపు కడగడానికి తెచ్చిన బ్లీచింగ్ పౌడర్ మిగిలిందని బాత్రూంలో చల్లి, దాని మీద యాసిడ్ గానీ వెనిగర్ గానీ పోశారంటే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. పనివాళ్లకు కూడా నోటితో చెప్పండి, డబ్బా మీద రాసింది ఎవరూ చదవరు.

జుట్టే_నా_బాధ
అందరూ నల్లాలకే సేవ చేస్తున్నారు, తల సంగతి ఎవరైనా చూడండి. ఖరీదైన షాంపూలు మార్చి మార్చి విసిగిపోయాను.

బేగంబజార్_బిడ్డ
కుంకుడుకాయలు, చెల్లె. మా అమ్మ ఇప్పటికీ గవ్వే. బోరు నీళ్లల్ల సబ్బు విరుగుతది గని కుంకుడు రసం విరగదు, నురగ మంచిగ వస్తది. గుప్పెడు కాయలు కొట్టి గింజలు తీసి రాత్రి వేడినీళ్లల్ల నానేస్తె పొద్దుగాల పిసికి వడగట్టుకునుడే. కండ్లల్ల పడితె మాత్రం చుక్కలు కనిపిస్తయి, తల వెనక్కి వంచి పోయించుకోవాలె.

ల్యాబ్_కోటు
దీన్ని నేనూ సమర్థిస్తాను. సబ్బు కాల్షియంతో కలిసి కరగని తెల్ల ముద్ద అవుతుంది. బకెట్ అంచు మీద పేరుకునే జిడ్డు గీత అదే, జుట్టుకు అంటుకునేదీ అదే. కుంకుడులోనూ శీకాయలోనూ నురగనిచ్చేవి సపోనిన్లు, అవి కాల్షియంతో అలా ముద్ద కట్టవు. షాంపూ కూడా సబ్బులా విరగదు. కానీ జుట్టు మీద ఖనిజాల పొర మిగులుతుంది, గరుకుదనం దాని వల్ల.

కూకట్‌పల్లి_అత్తమ్మ
మా కోడలికి నేను చెప్పింది ఒక్కటే. తల అంతా బోరు నీళ్లతో రుద్దుకో, ఆఖరున పోసుకునే రెండు చెంబులు మాత్రం మంజీరా నీళ్లు, అదే నల్లాలో వచ్చే మంచినీళ్లు, పక్కన పెట్టుకో. ఆ ఆఖరి చెంబులో అర చెంచా నిమ్మరసం వేసుకుంటే జుట్టు మెత్తగా జారుతుంది. నెత్తి మీద పుండ్లూ గీతలూ ఉంటే నిమ్మరసం వద్దు, మండుతుంది. మందారాకు నూరి పెట్టుకునే ఓపిక ఉంటే అంతకంటే మంచి కండిషనర్ లేదు, కాకపోతే వదిలించుకోవడం ఒక పూట పని.

మొహానికి సబ్బు మానేసి సున్నిపిండి వాడండి, స్నానం అయ్యాక చర్మం బిగుసుకుపోయినట్టు ఉండదు. నిమ్మ చెక్క నేరుగా మొహానికి రుద్దుకుని ఎండలోకి వెళ్లే పిల్లలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నిమ్మరసం మీద ఎండ పడితే చర్మం కాలి నల్ల మచ్చలు దిగుతాయి. తెల్లబడదామని చేసి నల్లబడటం.

నర్సమ్మ_ఉప్పల్
జుట్టు విషయంలో ఒక మాట. ఊడిన వెంట్రుక చివర తెల్లటి చిన్న గుబ్బ ఉందా చూడండి. ఉంటే కుదురు నుంచి ఊడింది. లేకపోతే మధ్యలో తెగింది. తెగేదానికి నీళ్లనూ దువ్వెననూ అనుమానించవచ్చు. కుదుర్ల నుంచి గుత్తులుగా ఊడుతుంటే నీళ్ల మీద నెట్టేసి కూర్చోకండి, డాక్టర్‌ను అడిగి రక్తం, ఐరన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. కాన్పు అయిన మూడు నాలుగు నెలలకు, డెంగీ లాంటి జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు ఊడటం మామూలే, తర్వాత తిరిగి వస్తుంది.

జుట్టే_నా_బాధ
గుబ్బ లేదు, తెగుతోంది. ఈ ఆదివారం కుంకుడుకాయలే. థాంక్స్ అక్కా.

టీడీఎస్_బాబాయ్
అసలు మీ నీళ్ల టీడీఎస్ రీడింగ్ ఎంత? టీడీఎస్ మీటర్ కొనండి, రెండు వందలకు వస్తుంది. మాది 900.

ల్యాబ్_కోటు
బాబాయ్ గారూ, మీటర్ చూపించేది నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపిన అంచనా. అందులో సున్నం ఎంతో విడిగా చెప్పదు. భారత ప్రమాణం ఐఎస్ 10500 తాగే నీళ్లకు రెండూ వేరువేరుగా పెట్టింది. మొత్తం లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు, కాఠిన్యం (కాల్షియం, మెగ్నీషియం లవణాల పాలు) 200. వేరే నీళ్లు దొరకనప్పుడు పర్వాలేదనే గరిష్ఠ హద్దులు 2000, 600. ఇంట్లో కాఠిన్యం తెలుసుకోవాలంటే ఖాళీ సీసాలో సగం నీళ్లు పోసి, కాస్త మామూలు స్నానపు సబ్బు తురుము వేసి బాగా కుదపండి. నురగ నిలిస్తే మెత్తటి నీళ్లు. తెల్లటి తునకలు తేలి నురగ చచ్చిపోతే కఠినం. అదే పని ఆర్వో నీళ్లతో కూడా చేసి పక్కన పెట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. బట్టల పౌడర్‌తో చేయకండి, అది ఎలాగూ నురగనిస్తుంది.

ఇరానీచాయ్
నా తెట్టు ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు.

ల్యాబ్_కోటు
కాల్షియం, టీ ఆకులోని పదార్థాలు, గాలి కలిసి కట్టే పొర. హానికరం కాదు. లెమన్ టీలో కట్టదు. పాల టీకి ఫిల్టర్ నీళ్లు వాడండి.

కార్యదర్శి_ఏ_బ్లాక్
గీజర్ గురించి ఎవరూ రాయలేదు, డబ్బులు పోయేది అక్కడే. నీళ్లు ఎంత వేడెక్కితే సున్నం అంత ఎక్కువ దిగుతుంది. కాయిల్ మీద పొర మందంగా పేరుకుంటే వేడి నీళ్లకు చేరదు, కరెంటు కాలుతూనే ఉంటుంది, చివరికి కాయిల్ పోతుంది. గుండ్రటి బటన్‌ను 50, 55 డిగ్రీల దగ్గర ఉంచితే స్నానానికి చాలు. ఏడాదికోసారి, చలికాలం రాకముందే, విప్పించి శుభ్రం చేయించండి. లోపల మెగ్నీషియం రాడ్ ఒకటి ఉంటుంది, ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోతుంది. మెకానిక్ వచ్చినప్పుడు దాన్ని మీ కళ్లతో చూసి, సన్నబడితే మార్పించండి. మా లైన్‌లో ఒకరికి సర్వీస్ అని చెప్పి బయటి డబ్బా తుడిచి బిల్లు తీసుకుపోయారు.

ఇక ఆర్వో బయటికి వదిలే నీళ్లు పారబోయకండి, నేల తుడవడానికీ ఫ్లష్‌కీ వాడండి. మొక్కలకు రోజూ పోయకండి, అందులో లవణాలు బోరు నీళ్లకంటే చిక్కగా ఉంటాయి.

కొత్త_అద్దె గారూ, ఒక సంగతి అడగాలి. మీ వంటింట్లో సింక్ దగ్గర ఎన్ని నల్లాలున్నాయి?

కొత్త_అద్దె
రెండు. ఒకటి మూలన చిన్నది, తిప్పితే రాలేదు. పాడైందనుకుని వదిలేశాం.

కార్యదర్శి_ఏ_బ్లాక్
అదే అయ్యుంటుంది. చాలా అపార్ట్‌మెంట్లలో జలమండలి (నగర నీటి బోర్డు) నీళ్లకు ఒక సంపు, బోరుకు ఒక సంపు కట్టి, వంటింటికి మంచినీళ్ల లైను విడిగా వేస్తారు. కృష్ణా, గోదావరి, మంజీరా ఏవి వచ్చినా జనం నోట మంజీరా నీళ్లే. ఆ ట్యాంకు మోటారు రోజంతా వేయరు, పొద్దున కాసేపే వేస్తారు. వాచ్‌మన్‌ను టైం అడగండి. సింక్ కింద అరలో ఆ నల్లా వాల్వ్ మూసి ఉందేమో కూడా చూడండి.

పప్పుచారు
అంటే ఇన్ని పోస్టులూ ఒక వాల్వ్ కోసమా 😀

చీరల_బీరువా
ఇక్కడ ఉన్నవాళ్లనే అడుగుతున్నా, తెల్ల చొక్కాలు బూడిద రంగుకు తిరుగుతున్నాయి. ఏం చేయాలి?

కూకట్‌పల్లి_అత్తమ్మ
పౌడర్ వేయడానికి ముందు బకెట్ నీళ్లలో ఒక చెంచా బట్టల సోడా కరిగించి పది నిమిషాలు ఆగండి. సున్నం దానితో కలిసి విడిపోతుంది, పౌడర్ తన పని తాను చేసుకుంటుంది. నూలు బట్టలకే సుమా. పట్టుకూ ఉన్నికీ సోడా తగలనివ్వకండి, పోగు పాడవుతుంది. పట్టుచీరను ఇంట్లో ఉతికే ధైర్యం నాకైతే లేదు.

కొత్త_అద్దె
వాల్వ్ మూసే ఉంది. వాచ్‌మన్ చెప్పిన ప్రకారం పొద్దున ఆరు నుంచి ఏడు వరకు మంచినీళ్లు. ఈరోజు బిందె, రెండు క్యాన్లు పట్టాం. పప్పు మూడు విజిల్స్‌కి ఉడికింది. ఒక సందేహం. వేసవిలో ట్యాంకర్ నీళ్లు ఇదే సంపులో పోస్తారట, అప్పుడూ ఇవే వాడొచ్చా?

కార్యదర్శి_ఏ_బ్లాక్
ట్యాంకర్ ఎక్కడి నీళ్లు తెచ్చిందో అడగండి. జలమండలి ట్యాంకర్ అయితే ఇబ్బంది లేదు. ప్రైవేటు ట్యాంకర్ అయితే ఏదో ఒక బోరు నుంచే నింపుకుని వస్తుంది. ఆ రోజు సబ్బు తురుము సీసా తీయండి.